టీషర్టు అచ్చు మిషను కొందామా?



మన ఊళ్లో కుర్రాళ్లు వేసుకునే టీషర్టులు చూడండి. ఒకదాని మీద పేరు. ఒకదాని మీద బొమ్మ. ఒకదాని మీద అంకె. వినాయక చవితి వస్తే వీధి కుర్రాళ్లందరికీ ఒకే రంగు చొక్కాలు. కబడ్డీ పోటీలు వస్తే జట్టు పేరు. బడి పండుగ వస్తే బడి పేరు. ఇవన్నీ ఎక్కడ అచ్చు వేయిస్తున్నారు? పట్నంలో.

ఈ పని మన ఊళ్లో కూడా చేయవచ్చు. ఒక గది చాలు. దీనికి ముఖ్యంగా కావలసిన మిషను పేరు హీట్ ప్రెస్. హీట్ అంటే వేడి. ప్రెస్ అంటే నొక్కడం. వేడి చేసి నొక్కే మిషను అన్నమాట.

మిషను కొనడం తేలిక. డబ్బు ఉంటే చాలు. మనకు తగిన మిషను కొనడమే కష్టం. తగనిది కొంటే అది మూలన పడుతుంది. అప్పు మాత్రం మూలన పడదు. నెల నెలా వాయిదా అడుగుతుంది. అందుకే ఈ పాఠం.

ఇస్త్రీపెట్టె చాలదా?

ఒక ఊళ్లో పొదుపు సంఘం ఉందనుకుందాం. అందులో ముగ్గురు ఈ పని చేద్దామనుకున్నారు. ఒకామె బట్టలు కుడుతుంది. ఆమెను అందరూ కుట్టు అక్క అంటారు. ఒకామె ఇస్త్రీ బండి పెద్దమ్మ. 30 ఏళ్లుగా ఇస్త్రీ చేస్తోంది. రెండేళ్ల కిందట రాత్రి బడిలో చేరి చదవడం నేర్చుకుంది. మూడో ఆమె కుట్టు అక్క చిన్న కోడలు.

కోడలు ముందుగా ఒక మాట అడిగింది.

"పెద్దమ్మా! నీ దగ్గర ఇస్త్రీపెట్టె ఉంది గదా. దాంతోనే బొమ్మ అంటిద్దాం. మిషను ఎందుకు?"

పెద్దమ్మ నవ్వింది.

"ఇస్త్రీపెట్టె ముక్కు దగ్గర ఒక వేడి. వెనక ఒక వేడి. నేను చెయ్యి ఆడిస్తా ఉంటా కాబట్టి చొక్కా మాడకుండా ఉంటది. బొమ్మ అంటించాలంటే చెయ్యి ఆడించకూడదంట. కదలకుండా నొక్కి పెట్టాల. అంతటా ఒకే వేడి తగలాల. అది ఇస్త్రీపెట్టెతో ఎట్టా కుదురుద్ది?"

పెద్దమ్మ చెప్పింది నిజం. ఒకటి రెండు చొక్కాలకు ఇస్త్రీపెట్టె పనికి రావచ్చు. కాని రెండు మూడు ఉతుకులకు బొమ్మ అంచులు లేస్తాయి. డబ్బు తీసుకుని చేసే పనికి అది చాలదు.

హీట్ ప్రెస్‌లో మూడు సంగతులు మన చేతిలో ఉంటాయి. ఎంత వేడి? ఎంత సేపు? ఎంత నొక్కుడు? ఈ మూడూ సరిగా కుదిరితేనే అచ్చు నిలుస్తుంది. మూడింటిలో ఏది తప్పినా అచ్చు చెడుతుంది. మిషను మంచిదా కాదా అని చూడడం అంటే ఈ మూడింటినీ చూడడమే. రంగు, మెరుపు, పెట్టె మీది బొమ్మ, ఇవి మనకు అక్కర్లేదు.

ముందు బట్ట, తరువాత మిషను

ముగ్గురూ పట్నంలో ఒక షాపుకు వెళ్లారు. షాపు అతను ఒక మిషను ఆడించి చూపాడు. తెల్ల చొక్కా పరిచాడు. దాని మీద బొమ్మ కాగితం పెట్టాడు. పైపలక దించి నొక్కాడు. నిమిషం తరువాత తీశాడు. బొమ్మ చొక్కా మీదికి వచ్చింది. చేత్తో తడిమితే బొమ్మ ఉన్నట్టే తెలియలేదు. అంత నున్నగా ఉంది.

"ఈ మిషను, ఈ ప్రింటరు, ఈ సిరా, మూడూ కలిపి తీసుకోండమ్మా. రేపటి నుంచే పని మొదలు పెట్టుకోవచ్చు" అన్నాడు.

కోడలికి బాగా నచ్చింది. కుట్టు అక్క మాత్రం చొక్కా చేతిలోకి తీసుకుంది. వేళ్లతో నలిపి చూసింది.

"ఇది నూలు కాదు గదయ్యా. పాలిస్టరు. మాకు వచ్చిన ఆర్డరు వినాయకుడి కుర్రాళ్లది. 60 చొక్కాలు. నల్ల రంగు. నూలు బట్ట. దాని మీద వేసి చూపించు" అంది.

షాపు అతను మాట మార్చాడు. ఎందుకు మార్చాడు?

అతను చూపిన పద్ధతి పేరు సబ్లిమేషన్. అందులో సిరా వేడికి ఆవిరిలా మారి దారంలోకి దూరుతుంది. ఆ సిరా పాలిస్టరు దారంలోకే దూరి నిలుస్తుంది. నూలు దారంలో నిలవదు. ఒక్క ఉతుకుకే వెలిసిపోతుంది. అదీ తెల్ల బట్ట, లేత రంగు బట్ట మీదే కనిపిస్తుంది. నల్ల బట్ట మీద కనిపించదు. ఆ సిరాలో తెలుపు రంగు ఉండదు మరి. ఆటల జెర్సీలకు, తెల్ల పాలిస్టరు చొక్కాలకు ఇది చక్కని పద్ధతి. నల్ల నూలు చొక్కాలకు మాత్రం పనికిరాదు.

మరి నల్ల నూలు చొక్కా మీద ఎట్లా వేయాలి? దానికి వేరే పద్ధతులున్నాయి.

ఒకటి వినైల్. ఇది రంగు రేకు లాంటి పలచని షీటు. పేర్లు, అంకెలు దీనితో కత్తిరించి అంటిస్తారు. జట్టు చొక్కాల వెనక అంకెలకు ఇది బాగుంటుంది. బొమ్మలో చాలా రంగులు ఉంటే కష్టం.

రెండోది డి.టి.ఎఫ్. ఇందులో బొమ్మను ముందు ఒక ఫిల్ము మీద అచ్చు వేస్తారు. దాని వెనక జిగురు పొడి చల్లి కాలుస్తారు. ఆ ఫిల్మును చొక్కా మీద పెట్టి హీట్ ప్రెస్‌తో నొక్కాలి. తరువాత ఫిల్ము ఒలిచేయాలి. బొమ్మ బట్టకు అంటుకుంటుంది. నూలు అయినా, పాలిస్టరు అయినా, నలుపు అయినా, తెలుపు అయినా సరే.

ఈ ఫిల్మును మనమే అచ్చు వేయనక్కర్లేదు. పట్నాల్లో మీటరు లెక్కన అచ్చు వేసి ఇచ్చే షాపులున్నాయి. బొమ్మ ఫోనులో పంపితే ఫిల్ము తయారు చేస్తారు. మనం తెచ్చుకుని నొక్కడమే. కాబట్టి మొదట ప్రింటరు కొనవద్దు. హీట్ ప్రెస్ ఒక్కటే కొనండి. డి.టి.ఎఫ్. ప్రింటరు కొన్నవారు దాన్ని రోజూ ఆడిస్తూ ఉండాలి. లేకపోతే తెల్ల సిరా గడ్డకట్టి గొట్టాలు పూడుకుపోతాయి. నెలకు రెండు ఆర్డర్లు వచ్చే ఇంటికి అది ఏనుగును మేపినట్టే.

బట్ట నూలో పాలిస్టరో తెలియకపోతే ఒక దారం లాగి కాల్చి చూడండి. నూలు కాగితంలా మండి బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. రెండూ కలిసిన బట్ట కూడా ఉంటుంది. అది కొంచెం మండుతుంది, కొంచెం ముద్ద కడుతుంది. తమిళనాడులోని తిరుప్పూరు అల్లిక బట్టలకు పేరుపొందిన ఊరు. మన పట్నాల్లో హోల్‌సేల్‌గా అమ్మే టీషర్టులు అక్కడి నుంచి చాలా వస్తాయి.

మూడు రకాల మిషన్లు

కుట్టు అక్క వాళ్లు ఇంకో షాపుకు వెళ్లారు. అక్కడ మూడు రకాలున్నాయి.

మొదటిది మొసలి నోరులా తెరుచుకునే రకం. పైపలక వెనక కీలు మీద లేస్తుంది. చోటు తక్కువ పడుతుంది. ధర కూడా తక్కువ. కాని చొక్కా సర్దేటప్పుడు కాలే పలక మన చేతుల పైనే ఉంటుంది. పలక సరిగా పైకి లేవకపోతే వేళ్ల వెనక చర్మం కాలుతుంది. ఇలాంటిది కొంటే పలక ఎంత ఎత్తుకు లేస్తుందో చూసుకోండి. చెయ్యి పెట్టి చూడండి. అయితే మిషను చల్లగా ఉన్నప్పుడే సుమా!

రెండోది పక్కకు తిరిగే రకం. పైపలకను లేపి పక్కకు తిప్పుతాం. చొక్కా సర్దే చోటు ఖాళీగా ఉంటుంది. పలక తిన్నగా కిందికి దిగుతుంది. అందువల్ల మందం బట్ట మీద కూడా నొక్కుడు సమానంగా పడుతుంది. కాని పక్కన రెండు మూడు అడుగుల చోటు వదలాలి. ఆ పక్కన ఎవరూ నిలబడకూడదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఇది చూసుకోవాలి.

మూడోది సొరుగు రకం. కిందిపలక బీరువా సొరుగులా ముందుకు వస్తుంది. వేడి పలక వెనక్కే ఉండిపోతుంది. చేతులకు భయం తక్కువ. ధర ఎక్కువ.

సమయం అయిపోగానే తనంతట తానే తెరుచుకునే మిషన్లు కూడా ఉన్నాయి. ఒక్కరే పని చేసే చోట అది మంచి సౌకర్యం. మధ్యలో ఎవరైనా పిలిచినా చొక్కా మాడదు.

ఇంకొక రకం ఉంది. దాన్ని చూసే చాలామంది మోసపోతారు. ఒకే మిషనుతో చొక్కా, టోపీ, కప్పు, పళ్లెం అన్నీ అచ్చు వేయవచ్చంటారు. అయిదు పనులు ఒకే మిషను అని పెట్టె మీద రాసి ఉంటుంది. వినడానికి బాగుంటుంది. కాని ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడల్లా పలకలు విప్పాలి, బిగించాలి, వైర్లు మార్చాలి. బిగించి విప్పి కీళ్లు వదులైతే నొక్కుడు సమానంగా పడదు. మీకు కప్పుల ఆర్డరు నిజంగా చేతిలో ఉంటే ఆలోచించండి. లేకపోతే మొదటి మిషనుగా అది వద్దు. అన్నం వండే గిన్నె, నీళ్లు కాచే గిన్నె వేరుగా ఉంటేనే వంటిల్లు సాగుతుంది.

పలక ఎంత పెద్దది కావాలి?

చిన్న దుకాణాల్లో ఎక్కువగా కనిపించే పలక 15 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు. సెంటీమీటర్లలో 38, 38. దీని కంటే పెద్దవి 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 లేదా 60 పొడవు ఉంటాయి.

ఏది కావాలో టేపు పెట్టి తేల్చండి. రొమ్ము మీద వేసే బొమ్మ చాలావరకు ఏ4 కాగితం అంత ఉంటుంది. దాని పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. 38 పలక మీద చక్కగా పడుతుంది. వీపు మీద పెద్ద బొమ్మ కావాలంటే ఏ3 కాగితం అంత అవుతుంది. దాని పొడవు 42 సెంటీమీటర్లు. 38 పలక మీద పట్టదు. రెండుసార్లు నొక్కాలి. నడుమ గీత పడవచ్చు.

మీకు వచ్చే ఆర్డర్లు పేర్లు, చిన్న బొమ్మలు, పిల్లల చొక్కాలు అయితే 38 పలక చాలు. వీపు నిండా బొమ్మ అడిగేవారు ఎక్కువైతే 50 పొడవు ఉన్నది కొనండి. పెద్ద పలకకు కరెంటు ఎక్కువ, బరువు ఎక్కువ, ధర ఎక్కువ. "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అని పెద్దది కొనడం నాకు నచ్చదు. పెద్ద ఆర్డర్లు వచ్చినప్పుడు ఆ డబ్బే పెద్ద మిషను కొంటుంది.

అంకెలు చదవండి

మిషను ముందు చిన్న అద్దం లాంటి గడి ఉంటుంది. అందులో ఎర్ర అంకెలు వెలుగుతాయి. ఒకటి వేడి. ఒకటి సమయం. చదవడం నేర్చుకున్న మనకు ఇది కష్టం కాదు.

డి.టి.ఎఫ్. ఫిల్ముకు సాధారణంగా 150 నుంచి 160 డిగ్రీల వేడి, 10 నుంచి 15 సెకన్లు. వినైల్‌కు కూడా దాదాపు అంతే. సబ్లిమేషన్‌కు 190 నుంచి 200 డిగ్రీలు, 45 నుంచి 60 సెకన్లు. ఫిల్ము అమ్మినవారిని అడిగి వారు చెప్పిన అంకెలనే గోడ మీద రాసి పెట్టుకోండి. ఫిల్ము వేడి మీద ఒలవాలా, చల్లారాక ఒలవాలా అని కూడా అడగండి. ఇది తప్పితే బొమ్మ చిరుగుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వేడిని రెండు కొలతల్లో చెబుతారు. ఒకటి సెల్సియస్. ఒకటి ఫారెన్‌హీట్. అంకెల పక్కన ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. నెలవంకలా ఉంటే అది సి. అంటే సెల్సియస్. నిలువు గీతకు పక్కన రెండు అడ్డగీతలు ఉంటే అది ఎఫ్. అంటే ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో 160 అంటే ఫారెన్‌హీట్‌లో 320. మిషను ఎఫ్ మీద ఉన్నప్పుడు 160 పెడితే అసలు వేడి 71 డిగ్రీలే. టీకి మరిగే నీళ్లు 100 డిగ్రీలుంటాయి. అంత వేడి కూడా కాదన్నమాట. బొమ్మ అంటనే అంటదు. మిషను చెడిపోయిందని షాపుకు మోసుకుపోతాం. ఒక్క అక్షరం చూసుకుంటే ఆ బాధ ఉండదు. షాపులోనే సి మీద పెట్టించుకోండి.

షాపులోనే పరీక్ష పెట్టండి

"ఆడించి చూపించందే కొనకూడదు" అంది పెద్దమ్మ. ఆమె అడిగిన పరీక్షలు ఇవి.

ముందు నొక్కుడు చూసింది. కాగితం నాలుగు ముక్కలు చేసింది. మిషను చల్లగా ఉండగానే నాలుగు మూలలా ఒక్కో ముక్క పెట్టింది. సగం లోపల, సగం బయట. మిషను మూయించింది. ఒక్కొక్క ముక్కనూ లాగింది. నాలుగూ ఒకేలా బిగిసి ఉండాలి. ఒకటి సులువుగా జారి వస్తే ఆ మూల నొక్కుడు తక్కువని అర్థం.

తరువాత వేడి చూసింది. సబ్లిమేషన్ కాగితం మీద పలక అంతా నిండేలా ఒకే ముదురు రంగు అచ్చు వేయించింది. దాన్ని తెల్ల పాలిస్టరు గుడ్డ మీద నొక్కించింది. గుడ్డ తీసి వెలుతురులో పట్టింది. నడుమ ముదురుగా ఉంది. ఎడమ పక్క మూల వెలిసినట్టు ఉంది.

"ఇదిగో, ఈ మూల వేడి అందలా" అంది.

"చిన్న తేడా అమ్మా. ఎవరికి కనబడుద్ది?" అన్నాడు షాపు అతను.

"నీకు చిన్న తేడా. మాకు 60 చొక్కాలు. కుర్రోళ్లు చవితి పందిట్లో వేసుకుని రెండు ఉతుకులకు మూల ఊడిందంటే, మళ్లా మా గడప తొక్కుతారా? ఇంకోటి చూపించు నాయనా."

రెండో మిషను మీద గుడ్డ అంతా ఒకే రంగు వచ్చింది. అంతటితో ఆమె ఆగలేదు. కోడలి ఫోనులో సెకన్లు చూస్తూ మిషను 15 సెకన్లకే గంట కొడుతుందో లేదో చూసింది. వెంటవెంటనే అయిదు గుడ్డలు నొక్కించింది. ఒక్కొక్క గుడ్డకు అంకె ఎంత పడిపోతుందో, మళ్లీ 160కి రావడానికి ఎంత సేపు పడుతుందో కోడలు రాసుకుంది. చల్లని గుడ్డ తగిలితే పలక కొంచెం చల్లబడుతుంది. అది సహజం. మంచి మిషను తొందరగా తేరుకుంటుంది.

ఆఖరున పిడి కుట్టు అక్కతో లాగించింది. "నీకు భుజం నొప్పి గదా. 60 సార్లు లాగగలవా చూడు" అంది. నొక్కుడు పెంచే, తగ్గించే మర పైన ఉంటుంది. మందం బట్టకు వదులు చేయాలి. పలచని బట్టకు బిగించాలి. ఆ మర చేత్తో తిరగాలి. పానా పెట్టి తిప్పాల్సి వస్తే మనకు వద్దు.

ఎవరో వాడిన పాత మిషను దొరికితే? ఈ పరీక్షలన్నీ దానికీ పెట్టండి. కిందిపలక మీద మెత్తని సిలికాన్ పట్టా ఉంటుంది. అది గుంటలు పడితే మార్చుకోవచ్చు. పైపలకలో వేడి సమానంగా లేకపోతే మాత్రం చవగ్గా ఇచ్చినా తేవద్దు. లోపలి వేడి తీగను పలకతో కలిపి పోత పోస్తారు. దాన్ని ఊరి మెకానిక్కు బాగు చేయలేడు.

మన ఇంటి కరెంటు సరిపోతుందా?

మిషను వెనక ఒక చిన్న రేకు ఉంటుంది. దాని మీద వాట్లు రాసి ఉంటాయి. 38 పలక ఉన్న మిషన్లు 1,400 నుంచి 1,800 వాట్ల దాకా ఉంటాయి. పెద్ద పలకవి 2,000 దాటుతాయి.

1,800 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8 ఆంపియర్లు. ఫోను చార్జింగు పెట్టే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అందులో పెడితే ప్లగ్గు కాలుతుంది. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు వేయించాలి. ఎర్త్ తప్పక ఉండాలి. ఇనుప మిషను, తడి చేతులు, ఎర్త్ లేని ఇల్లు, ఈ మూడూ కలిస్తే ప్రాణం పోతుంది. ఈ ఖర్చుకు మాత్రం వెనకాడవద్దు. పొడిగింపు వైరు పెట్టి నడపవద్దు. ఇంటి ఇన్వర్టరు దీన్ని లాగలేదు.

వోల్టేజి సంగతి కూడా చూడండి. 230 ఉండాల్సింది సాయంత్రం 180కి పడిపోతే, మిషను వేడి చేసే శక్తి మూడో వంతుకు పైగా తగ్గుతుంది. అంకె 160 చేరడానికి చాలా సేపు పడుతుంది. అట్లాంటి ఊళ్లలో పని పగటిపూట పెట్టుకోండి. ఇంటి మీటరు ధర వేరు. వ్యాపారం మీటరు ధర వేరు. కరెంటు ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి.

కరెంటు బిల్లుకు మరీ భయపడకండి. 1,800 వాట్ల మిషను గంటసేపు ఆగకుండా లాగినా 1.8 యూనిట్లే. యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 18 రూపాయలు. గంటకు 20 చొక్కాలు చేస్తే ఒక్కో చొక్కాకు 90 పైసలు. ఖర్చు అసలు ఇంకో చోట ఉంది.

లెక్క వేద్దాం

ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి. మీరు కనీసం మూడు షాపుల్లో అడిగి మీ ధరలు రాసుకోండి.

మిషను 15,000 రూపాయలు. ప్లగ్గు, వైరు, గట్టి బల్ల కలిపి 3,000. మొత్తం 18,000. బల్ల సంగతి చాలామంది మరిచిపోతారు. మిషను 20 కిలోలకు పైనే ఉంటుంది. పిడి లాగినప్పుడు ఊగే బల్ల ఒరిగిపోతుంది.

ఇక చొక్కా. ఖాళీ చొక్కా 130. ఫిల్ము 40. కరెంటు, కవరు 5. పాడైపోయే వాటికి 5. మొత్తం 180. చేసినవారి కూలి 30 కలిపితే 210. 250కి అమ్మితే మిగిలేది 40.

కూలి ఎందుకు కలపాలి? మన ఇంట్లో పనికి మనం కూలి లెక్క కట్టం. అందుకే లాభం వచ్చిందో నష్టం వచ్చిందో తెలియకుండా పోతుంది. కూలి రాసి తీరాలి.

18,000ను 40తో భాగించండి. 450 వస్తుంది. అంటే 450 చొక్కాలు అమ్మితేనే మిషను డబ్బు తిరిగి వస్తుంది. చేతిలో ఉన్నది 60 చొక్కాల ఆర్డరు. మిగతా 390 ఎక్కడివి?

ఈ లెక్క చూసి కోడలు దిగులు పడింది. కుట్టు అక్క మాత్రం కాగితం తీసింది. తన దగ్గర బట్టలు కుట్టించుకునేవారి పేర్లు రాసింది. రెండు ప్రైవేటు బళ్లు. ఒక కబడ్డీ జట్టు. పెళ్లిళ్లలో పసుపు వేడుకకు ఒకే రంగు చొక్కాలు అడిగేవాళ్లు. అందరినీ కలిసి అడిగింది. ఎన్ని, ఎప్పుడు, ఏ బట్ట మీద అని రాసుకుంది. నోటిమాట వేరు, రాసుకున్న మాట వేరు. ఏడాదికి 300 దాకా తేలాయి. మరీ ఎక్కువేమీ కాదు. అందుకే వాళ్లు పెద్ద మిషను ఆలోచన మానుకున్నారు. 38 పలక, పక్కకు తిరిగే రకం తీసుకున్నారు. ధర కొంచెం ఎక్కువైనా అక్క భుజం, కోడలి చేతులు ముఖ్యం అనుకున్నారు. ఆ ఎక్కువ డబ్బు తమ పొదుపులోంచి వేశారు.

ఇంకో లెక్క. సంఘం నుంచి 18,000 అప్పు. నెలకు నూటికి రూపాయి వడ్డీ. 10 నెలల వాయిదాలు. మొదటి నెల అసలు 1,800. వడ్డీ 180. మొత్తం 1,980. చొక్కాకు 40 మిగిలితే ఆ నెల 50 చొక్కాలు అమ్మాలి. వినాయక చవితి నెలలో 60 అమ్ముతారు. వానాకాలం చివర, పరీక్షల నెలల్లో ఏమీ ఉండకపోవచ్చు. ఏడాదికి 300 అయితే నెలకు సగటున 25. కాబట్టి 10 నెలల వాయిదా ఈ పనికి కుదరదు. 20 నెలలు అడగాలి. లేదా కుట్టుపని డబ్బులోంచి కొంత కట్టాలి. ఈ మాట అప్పు తీసుకునే రోజునే సంఘంలో చెప్పాలి.

బ్యాంకు అప్పు కూడా ఉంది. 2015లో ముద్ర పథకం మొదలైంది. అందులో మొదటి మెట్టు పేరు శిశు. దాని కింద చిన్న వ్యాపారానికి 50,000 రూపాయల వరకు అప్పు ఇస్తారు. పొలం, బంగారం తాకట్టు అడగరు. కాని అది ఊరికే ఇచ్చే డబ్బు కాదు. అప్పే. తీర్చాలి.

మిషను డబ్బు ఒక్కటే సరిపోదు. 60 చొక్కాలకు ఖాళీ చొక్కా, ఫిల్ము కలిపి 170 చొప్పున 10,200 రూపాయలు ముందే పెట్టాలి. ఆర్డరు మొత్తం 15,000. సగం బయానా తీసుకుంటే 7,500. ఇంకా 2,700 మన చేతిలో ఉండాలి. బయానా అడగడానికి మొహమాటపడకండి. బొమ్మ ఎట్లా ఉండాలి, ఎన్ని చొక్కాలు, ఏ సైజులు ఎన్ని, ఏ తారీఖుకు ఇవ్వాలి, ఇవన్నీ రాసి ఆర్డరు ఇచ్చిన వారితో సంతకం చేయించుకోండి. పేరులో ఒత్తు తప్పినా 60 చొక్కాలూ మన మీద పడతాయి. పెద్ద కంపెనీల గుర్తులు వేసిపెట్టమని ఎవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. అది నేరం.

బిల్లు, గ్యారంటీ

షాపు అతను "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటాడు. తీసుకోవద్దు. బిల్లు లేకపోతే గ్యారంటీ లేదు. బిల్లు మీద షాపు పేరు, జి.ఎస్.టి. నంబరు, మిషను నంబరు, తారీఖు ఉన్నాయా చదవండి. మిషను మీది నంబరూ బిల్లు మీది నంబరూ ఒకటేనా చూడండి. చెడిపోతే ఎవరు వచ్చి బాగు చేస్తారు? మనమే మోసుకురావాలా? వేడి తీగకు గ్యారంటీ ఉందా? నోటితో చెప్పినది బిల్లు వెనక రాయించండి.

మిషను ఇంటికి వచ్చిన తరువాత

మొదట ఒక్క చొక్కా వేయండి. ఖాళీ చొక్కాను అయిదు సెకన్లు ఊరికే నొక్కండి. బట్టలో తేమ పోతుంది. తరువాత ఫిల్ము పెట్టి, పైన నూనె అంటని కాగితం గాని టెఫ్లాన్ షీటు గాని కప్పి నొక్కండి. ఒలిచాక మళ్లీ కొన్ని సెకన్లు నొక్కితే గట్టిపడుతుంది. ఒక రోజు ఆగండి. తరువాత లోపలి వైపు బయటకు తిప్పి ఉతకండి. అయిదుసార్లు ఉతికి చూడండి. అప్పటికీ అంచు లేవకపోతే ఆర్డరు మొదలు పెట్టండి. ఫిల్ములు 60కి 62 తెప్పించుకోండి.

పని చేసేటప్పుడు పైట బిగించి దోపుకోండి. గాజులు తీయండి. పలక వేడి మీద ఉన్నంతసేపు ఒకరు దగ్గరే ఉండాలి. పిల్లల్ని గదిలోకి రానీయకండి. కిటికీ తెరిచి ఉంచండి. పని అయ్యాక స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, పలక తెరిచి ఉంచి చల్లారనివ్వండి.

చెప్పండి, రాయండి

1. మీ ఇంట్లో ఉన్న నాలుగు టీషర్టుల నుంచి ఒక్కో దారం లాగి కాల్చి చూడండి. ఏది నూలు? ఏది పాలిస్టరు?

2. ఒక మిషను ధర 22,000. బల్ల, వైరు 3,000. చొక్కాకు 50 మిగులుతుంది. ఎన్ని చొక్కాలు అమ్మితే డబ్బు తిరిగి వస్తుంది?

3. మిషను మీద 320 అంకె, పక్కన ఎఫ్ అక్షరం ఉన్నాయి. సెల్సియస్‌లో అది ఎంత?

4. మీ ఊళ్లో ఈ ఏడాది టీషర్టులు ఎవరెవరు వేయించారు? ఎన్ని? ఏ నెలలో? అడిగి పట్టిక రాయండి. సంఘం సమావేశానికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.